గిర్దావరు విన్న ప్రార్థన

నాకు ఊపిరి పోసినవాడికి, ఆ ఊపిరిని ఇన్నేళ్లు ఆగకుండా నడిపించినవాడికి ముందుగా స్తోత్రం. ఆయన ఇచ్చిన ఇల్లు, ఆయన పంపిన మనుషులు, ఆయన నింపిన చెరువు, వీటి గురించి రాయబోతున్నాను కనుక మొదటి మాట ఆయనకే చెల్లాలి. రాసేదాంట్లో నా గొప్ప ఎక్కడైనా కనిపిస్తే చదివేవారు క్షమించాలి. కొంచెం కనిపిస్తుంది. దాచుదామన్నా దాగేది కాదు.

పోయిన నెల మా మరిది కొడుకు ఇబ్రహీంపట్నంలో బస్సు డిపో పక్కన లాడ్జి తెరిచాడు. పది గదులు, ప్రతి గదిలో ఫ్యాను, కుళాయి. పెద్దదాన్ని కనుక తెరిచే ముందు ప్రార్థన చేయమని నన్ను పిలిపించాడు. ప్రార్థన అయ్యాక, మొదటి అతిథివి నువ్వే పెద్దమ్మా అంటూ కొత్త రిజిస్టరు నా ముందు పెట్టాడు. పేరు, ఊరు, వయసు, ఆఖరు గడిలో ‘వచ్చిన పని’. ఆ గడి దగ్గర నా కలం ఆగిపోయింది. ఇదెందుకురా అని అడిగాను. పోలీసులు అడుగుతారు పెద్దమ్మా, ఎవరూ చదవరు, ఏదో ఒకటి రాసెయ్ అన్నాడు. నాకు నవ్వు వచ్చింది. ఇదే ప్రశ్న నేను తొమ్మిదేళ్లపాటు రోజూ సాయంత్రం అడిగాను. మా ఇంట్లో దానికి జవాబు చెప్పినవాళ్లలో ఏదో ఒకటి చెప్పినవాళ్లు చాలా తక్కువ.

అది నిజాం సర్కారు కాలం. ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు కట్ట దిగువన మా మామకు మూడు గదుల పెంకుటిల్లు ఉండేది. దాన్ని బండ్లవాళ్లు ముసాఫిర్ఖానా అనేవారు, మా క్రైస్తవ సంఘంవాళ్లు విశ్రాంతి గృహం అనేవారు, నేను పదహారేళ్ల కోడలిగా అడుగుపెట్టినప్పుడు మనసులో చాకిరీ కొంప అనుకున్నాను. దేవుడు నా నోరు మూయించడానికి ఎక్కువ కాలం తీసుకోలేదు. మాల్, దేవరకొండ ఊళ్ల దిక్కు నుంచి పల్లీలు, చింతపండు, మేకలు తీసుకొని పట్నం పోయే బండ్లకు మా ఊరు ఆఖరు మజిలీ. పట్నాన్ని అప్పుడు అందరూ షహర్ అనేవారు, ఎడ్లబండికి ఇక్కడి నుంచి సరిగ్గా ఒక పగలు దూరం. కనుక పొద్దుగూకేసరికి మా అరుగు నిండేది. సముద్రం చూడని దేశంలో పుట్టినవాళ్లం కదా, మాకు ఆ చెరువే సముద్రం. వానాకాలం నిండినప్పుడు అవతలి గట్టు కనిపించేది కాదు, గాలికి లేచిన అలలు రాళ్లకు కొట్టుకొనే చప్పుడు వంటింటిదాకా వచ్చేది. ఒకసారి బందరు నుంచి వచ్చిన ఉప్పు వర్తకుడు నా గొప్పలు విని పగలబడి నవ్వాడు. మరునాడు పొద్దున లేచి ఆ నీళ్లను చూసి, “ఉప్పు ఒక్కటే తక్కువమ్మా” అని ఒప్పుకొని పోయాడు. అది ఇప్పటికీ నాకొక బిరుదులాగా ఉంది.

మా మామ పడుచుతనంలో తెల్లదొరల మిషన్ బంగళాలో వంట చేశాడు. చదవడం, రాయడం, వాక్యం, దుప్పటి మడత, అన్నీ అక్కడే నేర్చాడు. ముందు దేవుడి మీద విశ్వాసం, ఆ వెంటనే సలసల కాగిన నీళ్ల మీద విశ్వాసం. శనివారం వచ్చిందంటే నులక మంచాలన్నీ కట్ట మీదికి మోయించి మరుగునీళ్లు పోయించేవాడు. మా ఇంట్లో నల్లి కుట్టిందని ఒక్క ముసాఫిరు అన్నా ఆయనకు ఆ పూట అన్నం సహించేది కాదు. మా అత్త నేను రాకముందే పోయింది. మా ఆయన గోడలు కట్టే మేస్త్రీ, వారంలో ఐదు రోజులు ఏదో ఒక ఊళ్లో ఉండేవాడు. నేను వచ్చిన రెండో ఏటికే మామ కళ్లల్లో పొరలు కమ్మాయి. మనిషిని గొంతుతోనే గుర్తుపట్టేవాడు. కనుక ఇంటిని నడిపింది నేనే. ఈ మాట రాయడానికి నాకు సిగ్గులేదు.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. వచ్చినవాళ్లకు ముందు చెంబుతో కాళ్లకు నీళ్లు ఇవ్వాలి. ఇస్తూ, ఏం పని మీద పోతున్నరని అడగాలి. వంట కాగానే నేను మామ చెవిలో ఆ రోజు మనుషులను, వాళ్ల పనులను వరుసగా చెప్పేదాన్ని. భోజనానికి ముందు అందరూ కళ్లు మూసుకొని కూర్చుంటే మామ ఒక్కొక్కరి కోసం, వాళ్ల పని పేరు చెప్పి మరీ, దేవుణ్ణి అడిగేవాడు. మా వంట తినని కులాలవాళ్లకు అరుగు చివర వేరే పొయ్యి, వేరే కుండలు ఉండేవి. వాళ్లు మా చారు ముట్టేవాళ్లు కాదు గాని ప్రార్థనకు మాత్రం తప్పకుండా వచ్చి కూర్చునేవారు. పరాయివాడు తమ కష్టం పేరు పెట్టి పైకి చెబుతుంటే వినడం వాళ్లకు కొత్త. మామ ప్రార్థన పుస్తక భాషలో మొదలై, రెండో వాక్యానికే మా ఊరి భాషలోకి దిగేది. ఒక రోజు మేకలు అమ్మబోయేవాడూ కొనబోయేవాడూ ఒకే వరుసలో కూర్చున్నారు. మామ కాసేపు ఆగి, “ఇద్దరు సంతోషంగ ఇంటికి పోయేటట్టు ఎట్ల చేస్తవో నీకే ఎరుక ప్రభువా” అని ఆ చిక్కును పైకి పంపించేశాడు. ఒక్క లోపం మాత్రం ఉండేది. ప్రార్థన పొడుగు. అన్నం చల్లారేది. ఏటా రెండుసార్లు మా ఇంట దిగే గాజులాయన, “మీ దేవునికి వినబడతది గని, నా కడుపుకు వినబడత లేదు” అని గొణిగేవాడు. అయినా ఆమెన్ అనేదాకా ఎవరూ కళ్లు తెరవకూడదు, మధ్యలో మాట్లాడకూడదు. సంఘంలో అది కట్టుబాటు, మా ఇల్లు కూడా మామ లెక్కలో సంఘమే.

ఒక వానాకాలం సాయంత్రం యాచారం దిక్కు నుంచి ఒక ముసలి రైతు నడిచి వచ్చాడు. మోకాళ్లదాకా బురద. చెంబు అందిస్తూ, ఏం పని మీద తాతా అని అడిగాను. కాళ్లు కడుక్కొని, చుట్టూ చూసి, మెల్లగా అన్నాడు.

“గిర్దావరు మీద అర్జీ పెట్టనీకె పోతున్న బిడ్డా.”

గిర్దావరు అంటే శిస్తు పనుల మీద గుర్రమెక్కి ఊళ్లు తిరిగే సర్కారు అధికారి. ఆయన వస్తున్నాడంటే డేరాలు, పెట్టెలు మోయడానికి ఊళ్లో ఎడ్లను వెట్టికి పట్టేవారు. ఆ ఎండాకాలం ఈ ముసలాయన జత ఎడ్లను పట్టుకుపోయారు. నడి ఎండలో నీళ్లు పెట్టకుండా తోలితే కుడివైపు కట్టే వలపటెద్దు దారిలోనే పడి చచ్చిపోయింది. మిగిలిన దాన్ని ఇంటికి తోలి చేతులు దులుపుకున్నారు. ఒంటెద్దుతో దున్నలేక, తొలకరికి ఆయన చేను బీడు పడింది. మసీదులో పాఠం చెప్పే ఆయన చేత ఉర్దూలో అర్జీ రాయించుకున్నాడు. అది తలపాగా మడతలో ఉంది. సాక్ష్యంగా చచ్చిన ఎద్దు మెడలోని మువ్వల పట్టెడను మూటలో పెట్టుకున్నాడు. తీసి చూపించబోయి, మువ్వ మోగగానే భయపడి మళ్లీ మూటలో కుక్కాడు. “ఎవ్వరికి చెప్పకు బిడ్డా. తోవల తెలిస్తే కాయిదం గుంజుకుంటరు. ఇంకోటి రాయించుకునే తాకతు నాకు లేదు” అన్నాడు.

ఎవ్వరికీ చెప్పనన్నాను. మామకు చెప్పాను. మామకు చెప్పడం ఎవరికో చెప్పినట్టు నాకు అనిపించలేదు. మామ దేవుడికి చెప్పాడు. దేవుడికి చెప్పడం ఎవరికో చెప్పినట్టు ఆయనకూ అనిపించలేదు. మా ఇంట్లో తప్ప ఇలాంటి పొరపాటు ఇంకెక్కడా జరిగి ఉండదు.

దీపాలు పెట్టాం. ఆ పూట ఐదుగురు ముసాఫిర్లు. ఇద్దరు మేకలవాళ్లు, గాజులాయన, పిల్లకు చెవి చూపించడానికి పట్నం దవాఖానకు పోతున్న ఒక తల్లి, ఈ ముసలాయన. అందరూ కళ్లు మూసుకున్నారు. మామ మేకలను గురించి చెప్పాడు, పిల్ల చెవిని గురించి చెప్పాడు, గాజులాయన ఊళ్లలో పెళ్లిళ్లు ఎక్కువ కావాలని అడిగాడు. నాకు మాడు వాసన తగిలినట్టై, పాపమని తెలిసీ ఒక కన్ను తెరిచాను. గడప దగ్గర గిర్దావరు నిలబడి ఉన్నాడు.

డేరాల బండ్లు బురదలో వెనక చిక్కుకుపోయాయట, వానకు మా ఇంటికి వచ్చాడు. గుర్రం కళ్లెం బంట్రోతు చేతిలో ఉంది. లోపల ప్రార్థన జరుగుతోందని గ్రహించి బూట్లు బయట విడిచి, చేతులు ముందు కట్టుకొని, తల వంచుకొని నిలబడ్డాడు. ఐదు పూటలా నమాజు చేసే మనిషి అని ఊళ్లో అనుకునేవారు. మామకు చూపు లేదు, తక్కినవాళ్లవి మూసిన కళ్లు. మామ సరిగ్గా అప్పుడే గొంతు సవరించుకున్నాడు.

“ప్రభువా, ఈ యాచారం పెద్దమనిషి...”

మధ్యలో మాట్లాడకూడదు. ప్రార్థనలో పలకడానికి ఒకే ఒక్క మాటకు అనుమతి ఉంది, దాన్నే పట్టుకున్నాను.

“ఆమెన్!” అన్నాను గట్టిగా.

ఆకలి మీద ఉన్నవాళ్లంతా ఒక్కసారిగా “ఆమెన్” అన్నారు. గాజులాయన గొంతు అందరికంటే పైకి వినిపించింది.

“ఇంకా కాలేదు బిడ్డా, ఆగు” అన్నాడు మామ. “కండ్లు మూసుకోండ్రి. ఏడిదాక వచ్చిన ప్రభువా? ఆఁ, గిర్దావరు. గిర్దావరు సాబు ఈయన ఎద్దును డేరాలకు పట్టుకపోయిండు. నీళ్లు గూడ పెట్టకుంట తోలిన్రు. సచ్చిపోయింది. ఈయన అర్జీ పట్టుకొని షహర్‌కు పోతున్నడు. తలపాగల పెట్టుకున్నడు. దాన్ని ఎవ్వరు గుంజుకోకుంట నువ్వే కావలి ఉండు.”

ఇక ఆమెన్ అన్నాడు. అందరూ కళ్లు తెరిచారు. గడప దగ్గర ఉన్నదెవరో చూశారు. ముసలాయన రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడు. బంట్రోతు గుర్రాన్ని స్తంభానికి కట్టి లోపలికి వచ్చాడు.

“సాబ్, గా తలపాగ ఇప్పియ్యమంటరా?”

“ఆగు” అన్నాడు గిర్దావరు. మామ వైపు తిరిగి, “బడే మియా, గీ దువా నీదేనా?”

“నాదే. ఎవరది?”

“గిర్దావరు సాబు వచ్చిండ్రు మామా” అన్నాను.

మామ గోడ పట్టుకొని లేచి నిలబడ్డాడు. “సాబ్, తప్పు నాది. ముసలాయనది గాదు. ఆయన నా కోడలికి చెప్పిండు, కోడలు నాకు చెప్పింది, నేను దేవునికి చెప్పిన. మీకైతే ఎవ్వరం చెప్పలే.”

గాజులాయనకు ఎక్కడి నుంచో దగ్గు వచ్చింది. గిర్దావరు కళ్లు తలపాగా మీద ఉన్నాయి. ఆ కాగితం ఆయనకు చేయి చాచినంత దూరంలో ఉంది. ముసలాయన చేనంతా ఆ చేతిలోనే ఉంది. మా ఇల్లు నిలిచిన నేల కూడా సర్కారుదే, అక్కడ ఉండనిచ్చే ఇజాజత్ కాగితం మీద ఏటా సంతకం ఆయనదే.

“దువాల పెట్టిన కాయిదం నేను ముట్ట” అన్నాడు చివరికి. “ముడితే పొద్దుగాల నమాజుకు ఏం మొఖం పెట్టుకొని నిలబడాలె?”

చెప్పి, చెంబు కోసం చేయి చాచాడు. నీళ్లిచ్చాను. సగం ఆయన పాదాల మీద, సగం గడప మీద పడ్డాయి. అప్పుడు విస్తరి వేయాల్సి వచ్చింది. మా ఇంట్లో వరుస వచ్చిన క్రమంలోనే. ఆ పూట ఆయనకంటే ముందు వచ్చినవాడు ముసలాయన. ఏ సైతాను చెవిలో ఊదినా వినకుండా, ముసలాయన పక్కనే ఆకు వేశాను.

బంట్రోతు నోరు తెరిచాడు. “సాబును గీ ముసలోని పక్కకు కూసోబెడ్తవా?”

“మా తాన వరుస గట్లనే ఉంటది. సాబు పక్కకు నీది” అన్నాను.

గిర్దావరు కూర్చున్నాడు. ముసలాయన మా వంట తినే కులం కాదు, మూటలో ఎండిన జొన్నరొట్టె తెచ్చుకున్నాడు. భయానికి నోట్లో తడి లేక అది మింగుడు పడలేదు. రెండుసార్లు ప్రయత్నించి, రొట్టెను ఆకులో పెట్టి నా వైపు జరిపాడు. “బిడ్డా, జర సారు పొయ్యి” అన్నాడు. పోశాను. మా గరిటె నుంచి ఆయన తిన్నది అదే మొదటిసారి. ఆ రోజు గిర్దావరు మా వరుసలో కూర్చున్నాడని కాదు గాని, ఆ గరిటెను తలుచుకొని నేను ఇప్పటికీ గర్వపడతాను.

చేతులు కడిగాక మామ వదల్లేదు. “సాబ్, మీరు ఏం పని మీద పోతున్నరో చెప్తే మీ కోసం గూడ అడుగుత.”

“నాకొద్దు. నా పని నేనే జూసుకుంట” అన్నాడాయన, అంతే.

తెల్లవారి వాన వెలిసింది. గిర్దావరు అరుగు మీద దుప్పటి పరిచి నమాజు చేస్తున్నాడు. ముసలాయన మూట భుజాన వేసుకొని బయటికి వచ్చాడు. పక్క నుంచి జారుకుంటే ఎవరూ ఆపేవాళ్లు లేరు, పొమ్మని నేను కళ్లతో సైగ కూడా చేశాను. ఆయన కదల్లేదు. నమాజు పూర్తయ్యేదాకా గోడ వారగా నిలబడి, అయ్యాక వంగి, “పోయొస్త సాబ్” అన్నాడు. గిర్దావరు దుప్పటి మడత పెట్టుకుంటూ తల కూడా ఎత్తలేదు. ముసలాయన కట్ట ఎక్కి, మలుపు తిరిగేదాకా నేను వాకిట్లోనే ఉన్నాను.

ఆయన మంచివాడైపోయాడని రాస్తే అబద్ధమవుతుంది. ఆ ఏడు మా ఇజాజత్ కాగితం కోసం మామను చేయి పట్టుకొని కచేరీకి నాలుగుసార్లు నడిపించాను. నాలుగోసారికి సంతకమైంది. చలికాలం వచ్చేవేళకు ముసలాయన మళ్లీ వచ్చాడు. ఈసారి బండి మీద. రెండు ఎడ్లు, రెండూ రెండు ఎత్తులు.

“అర్జీ ఏమైంది తాతా?” అని చెంబు ఇవ్వడం మరిచి అడిగాను.

“పట్నపోళ్లు గిర్దావరును పిలిపించి అడిగిర్రంట. ఎద్దు మీ పని మీదనే సచ్చిందా అని. అవ్ అన్నడంట.”

“గంతేనా?”

“గంతే. లేదు అంటే నా దిక్కు సాక్ష్యం చెప్పెటోడు ఎవడున్నడు బిడ్డా? అవ్ అన్నడు. సర్కారోళ్లు గిదాన్ని ఇప్పిచ్చిన్రు. జర మొండిది, ఎడమకు గుంజుతది.” కొత్త ఎద్దు వీపు మీద చేయి వేసి అటూ ఇటూ కదిలించి చూపించాడు. మామ కూడా వచ్చి దాన్ని తల నుంచి తోకదాకా తడిమి చూశాడు. ఆ రోజు ప్రార్థన ఎంతసేపు సాగిందో చెప్పను. ఒక్కరూ గొణగలేదు.

ఆ మరుసటి ఏడాది మామ దేవుడి దగ్గరికి వెళ్లిపోయాడు. మా ఆయన ఇంట ఉన్నప్పుడు రెండు ముక్కల్లో ప్రార్థన ముగించేవాడు, లేనప్పుడు అందరం మౌనంగా తల వంచేవాళ్లం. పొడుగు ప్రార్థనను తిట్టుకున్న ముసాఫిర్లే, “గిదేం ప్రార్థన, మా పేర్లన్న రాలే” అని నిష్ఠూరమాడేవారు. ఆడవాళ్లు పాట పాడాలి, నలుగురు మగవాళ్ల ముందు గొంతెత్తి ప్రార్థన చేయకూడదు. మా సంఘంలో అప్పుడు అదే రివాజు. నేనూ దాన్ని దాటలేదు.

ఒక సాయంత్రం రెండు బండ్ల నిండా సామానుతో గిర్దావరు దిగాడు. వెంట పరదా బండిలో ఆయన ఇంటామె. చెంబు అందించాను. నేను అడగకముందే చెప్పాడు.

“బదిలీ అయింది. దూరం. ఇంట్లామెకు పానం బాగలేదు, గంత దూరం బండిల తట్టుకుంటదో లేదో. మీ మామకు చెప్పు.”

“మామ లేడు సాబ్. నిరుడు పోయిండు.”

ఆయన చెంబు పట్టుకొని అలాగే నిలబడ్డాడు. నీళ్లు పోసుకోలేదు. “మరి గిప్పుడు అడిగేదెవరు?”

అరుగు మీద మేకలవాళ్లు, బండ్లవాళ్లు, మా సంఘం పెద్ద ఒకాయన, అందరూ నా వైపు చూశారు.

“నేనడుగుత” అన్నాను.

వరుసగా అందరి పేర్లూ చెప్పాను. మామ చెప్పినట్టే, ఒక్కరినీ వదలకుండా. ఆయన వంతు వచ్చినప్పుడు, ప్రభువా, ఒకరు అడిగితే తనకు నష్టమని తెలిసీ అవునన్న నోరు ఇది, ఈ నోటితో ఈయన ఇప్పుడు నిన్ను అడుగుతున్నాడు, ఆయన ఇంటామెను చల్లగా చేర్చు అన్నాను. అది పాపమో పుణ్యమో నాకు తెలియదు, ఆ ఒక్క ప్రార్థనలో నేను మళ్లీ కన్ను తెరిచాను. ఆయన రెండు అరచేతులూ పైకి పట్టుకొని, వాటిలోకి ఏదో పడబోతున్నట్టు చూస్తున్నాడు. సంఘం పెద్ద ఏమీ అనలేదు. ఆ తర్వాత మా ఇంట ప్రార్థన నాదే అయింది, సర్కారు మారి బండ్లు తగ్గి ఆ ఇల్లు మూసేదాకా.

ఇది చదువుతున్నవారు ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. మీరు ఏ పేరుతో పిలిచినా ఆయన ఒక్కడే వింటాడని నా నమ్మకం. ఈ వేళ ఏదో ఒక దారిలో, చెప్పుకోలేని పని ఒకటి మోసుకుపోతున్నవాళ్లు ఉంటారు. వాళ్ల కోసం నాతోపాటు అడగండి. పేర్లు తెలియకపోయినా ఫరవాలేదు.

ఎడ్లు పగలంతా నడిచిన ఆ దారిని బస్సు ఇప్పుడు గంటలో దాటేస్తోంది. మిగిలిన కాలమంతా ఎటు పోతోందో నాకు తెలియదు గాని, ఆ రోజుల్లో మాత్రం అది మా అరుగు మీదికి వచ్చి కూర్చునేది.